రెండోసారి అడగని మాట

మా కోనసీమ మర్యాదంటే నాకు ఒళ్ళు మంట. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, నోరు తెరిస్తే "ఆయ్" అంటూ బతుకుతున్న మనిషినే ఈ మాట అంటున్నాను. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని మేం మింగేసే మాటల వల్ల ఎన్ని కొంపలు మునిగాయో ఎవరికీ తెలీదు. నాకు తెలిసి మునిగిన కొంప మాత్రం నా కొట్టు పక్కదే. దానం గారిది.

అమలాపురంలో నల్లవంతెన వైపు వెళ్ళే దారిలో ఒక పాత మేడ ఉంది. దాని కింద మా కొట్లు. నాది జిరాక్సు, టైపు ఇన్‌స్టిట్యూటు. పక్క గది దానం గారి రేడియో, టీవీ రిపేరు షాపు. మధ్యలో గోడ లేదు, చెక్క పలకలే. ఆయన అటు తుమ్మితే నేను ఇటు నుంచి "చిరంజీవ" అనేదాన్ని.

ఆయనది రాజోలు దగ్గర పల్లె. తాత, తండ్రి ఆసాముల తోటల్లో కొబ్బరి దింపు తీసి బతికినవాళ్ళు. ఈయన చర్చి బడిలో చదువుకుని, ఐ.టి.ఐ.లో రేడియో పని నేర్చుకుని, అమలాపురం వచ్చి ఆ గది అద్దెకు తీసుకున్నారు. భార్య లీలావతి గారు ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఊరంతా ఆయన్ని ఉత్త "దానం" అనే పిలిచేది. నేను "గారు" చేర్చి పిలిస్తే మొదట్లో ఆయనే ఇబ్బంది పడిపోయి, "ఎందుకండీ భవానీగారూ, మీకంటే చిన్నవాణ్ణి కదండీ" అనేవారు. నిజానికి నాకంటే పెద్ద. అదీ ఆయన వరస.

మనుషులకే కాదు, పాడైపోయిన టీవీకి కూడా "అండీ" తగిలించే మనిషి. వెనక మూత విప్పి, లోపలికి తొంగి చూస్తూ, "ఎక్కడ దాక్కున్నారండీ" అని అడగడం పలకల్లోంచి నాకు వినిపించేది. లోపం దొరగ్గానే, "ఆయ్, ఇక్కడున్నారా అండీ" అనేవారు. నేను ఇటు నుంచి, "కాఫీ కూడా ఇవ్వండి వారికి" అని ఎగతాళి చేసేదాన్ని.

తొంభై ఆరు తుఫానుకి కోనసీమలో తడవని వస్తువు లేదు. నేల కూలిన కొబ్బరి చెట్ల మధ్యనుంచి జనం టీవీలు, టేపురికార్డర్లు రిక్షాల మీద వేసుకుని దానం గారి దగ్గరికి వచ్చారు. ఆయన ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేవారు. "వాన నీళ్ళాండీ, ఉప్పు నీళ్ళాండీ? ఎంతవరకు మునిగిందండీ?" వాళ్ళు దాపరికం లేకుండా చెప్పేవారు. తుఫాను పోసిన నీళ్ళకి సిగ్గెందుకు? వాళ్ళు చెప్పినదాన్ని బట్టి బోర్డు ఊడదీసి, మంచినీళ్ళతో కడిగి, ఆపైన స్పిరిట్‌తో బ్రష్షు పెట్టి తోమి, మేడమీద ఎండలో పరిచేవారు. వడియాలు ఎండబెట్టినట్టు మేడంతా టీవీ బోర్డులే. చాలామటుకు బతికాయి.

అలా బతికిన వాటిలో పెదబాబు గారి టీవీ ఒకటి. పెదబాబు గారంటే దగ్గర్లోని పల్లెలో పెద్ద కొబ్బరి తోట, వరి చేలు ఉన్న ఆసామి. చెడ్డవాడు కాదు. కోర్టు పనికో, కొబ్బరి వర్తకుల దగ్గరికో అమలాపురం వచ్చినప్పుడల్లా దానం గారి కొట్లో స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేవారు. ఎదురు హోటల్నుంచి టీ తెప్పిస్తే రెండు తెప్పించేవారు. "దానం నా స్నేహితుడండీ" అని నాతో ఎన్నోసార్లు అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

అయితే నేనొకటి చూసేదాన్ని. పెదబాబు గారు గుమ్మంలోకి రాగానే దానం గారు లేచి నిలబడేవారు. ఆయన ఉన్నంతసేపూ నిలబడే పని చేసేవారు, నిలబడే టీ తాగేవారు. అన్నేళ్ళలో పెదబాబు గారు "కూర్చో దానం" అనగా నేను వినలేదు. అహంకారంతో కాదు, ఆ మాట ఆయనకు తోచలేదు. తోచకపోవడానికే నాకు మండేది.

రెండువేల తర్వాత టీవీ పని పల్చబడింది. పాతది బాగుచేయించడం మానేసి జనం కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టారు. దానం గారు ఊరికే కూర్చోలేదు. వేసవిలో హైదరాబాదు వెళ్ళి లాప్‌టాప్ రిపేరు కోర్సు చేసి వచ్చారు. చచ్చిపోయిన బోర్డులు ఎక్కడెక్కడివో పోగేసి, భూతద్దం బిగించుకుని, పొద్దస్తమానం వాటి మీదే ఉండేవారు. కొట్టు ముందు కొత్త బోర్డు రాయించారు, ఇచ్చట లాప్‌టాప్‌లు కూడా బాగుచేయబడును అని. ఎవరూ రాలేదు. "టీవీల దానం లాప్‌టాప్ బాగుచేయడమేమిటి" అనుకుని కాకినాడో రాజమండ్రో పట్టుకుపోయేవారు.

"ఒక్కటి చాలండీ భవానీగారూ," అనేవారు ఆయన. "నలుగురూ ఎరిగినవాళ్ళది ఒక్క బోర్డు నా చేతిలో బతికితే, మిగతావి వాటంతటవే వస్తాయండీ. అది రాకపోతే ఈ కొట్టు ఉండదండీ."

ఆ ఒక్కటి రెండువేల ఏడు వేసవి చివర్లో వచ్చింది. తెచ్చినవారు పెదబాబు గారే.

ఆయన కూతురు దుర్గాశ్రీ ఇంజనీరింగు పూర్తి చేసింది. రాయవరం సంబంధం ఒకటి కుదిరేలా ఉంది. పిల్లవాడి తండ్రి ముందురోజే వచ్చి వీళ్ళింట్లో దిగాడు. పొద్దున్నే పెదబాబు గారు దుర్గాశ్రీ లాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టుకుని చెమటలు కక్కుతూ కొట్లోకి వచ్చారు.

"దానం, ఇది నిన్న సాయంత్రం ఆగిపోయింది. ఎలాగైనా ఇవాళ సాయంత్రంలోగా వెలగాలి. కాబోయే వియ్యంకుడు గారు ఇంట్లోనే ఉన్నారు. ఆయన వెళ్ళేలోగా ఇది పనిచేస్తున్నట్టు ఆయనకి కనపడాలి."

ఆయనకి ఎందుకు కనపడాలో నాకప్పుడు అర్థం కాలేదు. దానం గారు చార్జరు పెట్టారు. చార్జరు మీద లైటు ఆరిపోయింది. తీస్తే వెలిగింది. మళ్ళీ పెడితే ఆరింది. "లోపల షార్ట్ అయ్యిందండీ," అన్నారు. ఆ తర్వాత తుఫాను నాటి ప్రశ్నే వేశారు. "ఏవన్నా పడ్డాయాండీ దీని మీద? నీళ్ళు గానీ, కాఫీ గానీ?"

"అబ్బే, ఏం పడలేదు. దానంతట అదే ఆగిపోయింది," అన్నారు పెదబాబు గారు, స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ.

దానం గారు నన్ను పిలిచి టార్చి పట్టుకోమన్నారు. కీబోర్డు ఎత్తగానే నాకూ కనిపించింది. బోర్డు ఒక అంచున లేత గోధుమరంగు మరక, బంక బంకగా ఉంది. దాంట్లో అతుక్కుని చచ్చిన ఎర్ర చీమలు. గుప్పున పులిసిన వాసన. కొబ్బరి చెట్ల మధ్య పుట్టినవాళ్ళకి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. నేను నోరు తెరవబోయాను. దానం గారు తలెత్తకుండా కళ్ళతోనే వద్దన్నారు. నా నోటి సంగతి ఆయనకు తెలుసు. బ్రష్షుతో చీమల్ని నెమ్మదిగా పక్కకి నెట్టి, కనపడినంత మేర మరక తుడిచి, పనిలో పడ్డారు.

షార్ట్ వెతకడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. ఆ బోర్డులో కరెంటు వచ్చే దారి ఒకటే. ఆ దారి పొడుగునా నువ్వుగింజలంత కెపాసిటర్లు బోలెడు. వాటిలో ఏ ఒక్కటి లోపల కలిసిపోయినా, మీటరు ముల్లు పెట్టిన ప్రతిచోటా "కుయ్" మంటుంది. దొంగ ఒక్కడే గానీ ఊరందరినీ అనుమానించాల్సిందే. దానం గారు ఒక్కొక్కటీ పీకి చూసే రకం కాదు. చిన్న పవర్‌ సప్లై పెట్టె నుంచి ఒకటి రెండు వోల్టులు మించకుండా ఆ దారిలోకి ఎక్కించారు. షార్ట్ అయినది వేడెక్కుతుంది. ఎక్కడ వేడెక్కిందో తెలియడానికి బోర్డంతా పల్చగా స్పిరిట్ పూశారు. వేడున్న చోట ముందు ఆరుతుంది.

గాలికి ఆరిపోతోందని ఫ్యాను ఆపించారు. ముగ్గురం చెమటలో తడిసి ముద్దయ్యాం. మొదట పూసినప్పుడు ఏమీ తేలలేదు. మళ్ళీ పూశారు. కరెంటు ఇంకాస్త పెంచి, భూతద్దం కిందికి వంగి, ఊపిరి కూడా పక్కకి వదులుతున్నారు. మూడోసారి, చార్జరు గుచ్చే చోటుకి కాస్త అవతల, మినపగుండంత మేర తడి ముందుగా మాయమైంది.

"ఆయ్, ఇక్కడున్నారా అండీ," అన్నారు దానం గారు.

అక్కడున్న గింజంత కెపాసిటర్‌ని సోల్డరింగ్ ఐరన్ మొనతో కరిగించి ఎత్తేశారు. మీటరు ఊరుకుంది. చార్జరు పెడితే లైటు ఆరలేదు. మీట నొక్కితే తెర నీలంగా వెలిగింది. పెదబాబు గారు చప్పట్లు కొట్టి, "నేను చెప్పలా భవానీగారూ, మా దానం ఉండగా రాజమండ్రి ఎందుకు!" అన్నారు. దానం గారి మొహం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ ఒక్క బోర్డు బతికింది.

అప్పుడు ఆయన చెయ్యి స్పిరిట్ సీసా మీదికి వెళ్ళి ఆగింది. "పెదబాబు గారూ, ఒక్క రోజు నా దగ్గర ఉంచితేనండీ..." అన్నారు.

"ఎందుకు? వెలిగింది కదా?"

దానం గారు బోర్డు వైపు చూశారు, స్టూలు మీది మనిషి వైపు చూశారు. "ఆయ్. వెలిగిందండీ," అన్నారు. మూత బిగించి ఇచ్చేశారు.

పెదబాబు గారు వెళ్ళాక నేను ఊరుకోలేదు. "అవి కొబ్బరిబొండం నీళ్ళు కాదూ?"

"బొండం నీళ్ళేనండీ. ఎంత పడ్డాయో తెలీదండీ. పెద్ద చిప్పు కిందకి వెళ్ళేయేమోనని నా భయం. బోర్డు మొత్తం విప్పి, కడిగి, ఒక రోజు ఆరబెట్టాలండీ. లేకపోతే ఈ చెమ్మకి లోపల్లోపలే తినేస్తుందండీ."

"మరి ఆ ముక్క ఆయనతో అనలేదేం?"

"ఏం పడలేదన్నారు కదండీ."

"అది అబద్ధం!"

"అందుకేనండీ," అన్నారు దానం గారు. "ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా దాన్ని కడగడమంటే, మీరు అబద్ధం ఆడేరండీ అన్నట్టే కదండీ."

వానలు పట్టాయి. కోనసీమలో వానాకాలం ఇనుప బీరువా లోపల కూడా చెమ్మే. శ్రావణం రాకముందే ఆ లాప్‌టాప్ మళ్ళీ ఆగిపోయింది. ఈసారి పెదబాబు గారు ఇటు రాలేదు, రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడ ఎవరో మూత తీసి చూసి, బోర్డు లోపల తినేసింది, ఇక లాభం లేదు, ఇదివరకు ఎవరో విప్పారు అన్నారట. బొండం సంగతి పెదబాబు గారు అక్కడా చెప్పలేదు.

ఆయన వచ్చి తిట్టి ఉంటే బాగుండేది. తిడితే దానం గారు ఏదో ఒకటి అనేవారు, నేనైతే తప్పకుండా అనేదాన్ని. మా ఆసామి తిట్టే మనిషి కాదు. కోర్టు దగ్గర, కొబ్బరి కమిషన్ కొట్ల దగ్గర, పెళ్ళిపందిట్లో, అడిగినవాళ్ళందరితో జాలిగా ఒకటే మాట అన్నారు. "పాపం, దానం చాలా మంచివాడండీ. టీవీ అయితే చెయ్యి తిరిగిన పనివాడే. లాప్‌టాప్ అతని వల్ల కాదండీ, ఏమీ అనకండి." అంత మెత్తటి మాటకి ఎవరు మాత్రం ఏం జవాబు చెప్పగలరు? ఆ తర్వాత ఆ కొట్టుకి ఒక్క లాప్‌టాప్ కూడా రాలేదు. పెదబాబు గారూ రావడం మానేశారు. స్టూలు మీద దానం గారు ఖాళీ పెట్టెలు పెట్టుకున్నారు.

"నేను వెళ్ళి ఆయన మొహాన అడిగేస్తాను," అని ఎన్నిసార్లన్నానో. "మీరు అడిగితే నేను అడిగించినట్టుంటుందండీ. మీకు దణ్ణం పెడతాను," అనేవారు దానం గారు. నిజంగానే దణ్ణం పెట్టేవారు. నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది.

మరుసటి ఏడు కొట్టు ఖాళీ చేశారు. ఒక ప్రైవేటు కాలేజీలో ఫ్యాన్లు, ట్యూబులైట్లు చూసుకునే ఉద్యోగంలో చేరారు. ఆ గదిలోకి సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు వచ్చింది. పలకల అవతల నుంచి రోజంతా రింగ్‌టోన్లు. ఎవరినీ "ఎక్కడ దాక్కున్నారండీ" అని అడిగేవాళ్ళు లేరు. ఒక్కోసారి టైపు ఆపి అలవాటుగా అటు చెవి పెట్టేదాన్ని.

పెదబాబు గారు మళ్ళీ మా మేడ దగ్గరికి వచ్చింది రెండేళ్ళ తర్వాత. మనిషి నలిగిపోయి ఉన్నారు. వచ్చి నా కొట్లో నిలబడి, "దానం ఇల్లెక్కడో తెలుసాండీ?" అని అడిగారు. ఎందుకని అడిగితే చెప్పుకొచ్చారు.

దుర్గాశ్రీని రాయవరం వాళ్ళకే ఇచ్చారు. ఆ అమ్మాయి కొత్త లాప్‌టాప్ మీద ఈమధ్య టీ ఒలికిందట. ఈయన అక్కడే ఉండి, కూతురితో కలిసి మండపేటలో మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్ళారు. అతను ఏ ఊరివాడో గానీ మర్యాద తెలీనివాడు. "ఏం పడింది? ఎంత పడింది? నిజం చెప్పండి," అని కసిరాడట. అమ్మాయి చెప్పేసింది. అతను బోర్డంతా ఊడదీసి కడిగి ఆరబెట్టి ఇస్తూ, "చెప్పారు కాబట్టి బతికింది. దాచిపెడితే పైపైన బాగుచేసి ఇచ్చేవాణ్ణి, నెలా రెండు నెలల్లో చచ్చేది. ఆనక పేరు పోయేది నాది," అన్నాడట.

"అప్పట్నుంచి నాకు ముద్ద దిగట్లేదండీ," అన్నారు పెదబాబు గారు.

కొట్టు మూసి నేనే వెంట వెళ్ళాను. ఆదివారం. దానం గారు చర్చి నుంచి వచ్చి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి ఆయనకి. పెదబాబు గారిని చూడగానే కుర్చీ చేతులు పట్టుకుని, పళ్ళ బిగువున లేచారు.

"కూర్చో దానం, కూర్చో," అన్నారు పెదబాబు గారు.

"ఫర్వాలేదండీ. అలవాటండీ," అని నిలబడే ఉన్నారు. లీలావతి గారు తెచ్చి వేసిన కుర్చీలో పెదబాబు గారూ కూర్చోలేదు. ఇద్దరూ నిలబడి ఉంటే నేను గుమ్మం పట్టుకుని చూస్తున్నాను.

"ఆ రోజు దాని మీద బొండం నీళ్ళు పడ్డాయి దానం. అమ్మాయి ఫొటోలు చూపిస్తూంటే వియ్యంకుడు గారి చెయ్యి జారింది. నిండు బొండం. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. ఏం కాలేదండీ, దానికేం కాదండీ అని మేమందరం సర్దిచెప్పేం. ఆయన వల్ల పాడైందని బయటికి రాకూడదని నీ దగ్గర కూడా..."

"తెలుసండీ," అన్నారు దానం గారు.

"తెలుసా? ఎప్పుడు?"

"మూత తీసినప్పుడేనండీ. చీమలున్నాయండీ లోపల."

"తెలిసి ఎందుకు అడగలేదయ్యా?"

"అడిగేనండీ. ఏం పడలేదన్నారు."

"మళ్ళీ అడగాల్సింది! గట్టిగా అడగాల్సింది! నా ముందు ఆ మాత్రం నోరు రాలేదా నీకు? తుఫాను నాటి నుంచి స్నేహం కదా మనది!"

దానం గారు టీవీలో ఏ భాగం పోయిందో చెప్పేటప్పటి గొంతుతోనే, కోపం ఏమీ లేకుండా చెప్పారు.

"స్నేహితుణ్ణయితే అడిగేవాణ్ణేనండీ."

లీలావతి గారు లోపలికి వెళ్ళిపోయారు. పెదబాబు గారు "అందరికీ చెబుతాను. తప్పు నాదేనని ప్రతివాడికీ చెబుతాను," అన్నారు.

"వద్దండీ," అన్నారు దానం గారు. "ఇప్పుడు చెబితే అది రాయవరం దాకా వెళ్తుందండీ. ఆ వియ్యంకుడు గారు నొచ్చుకుంటారు. మీ పాపకి అక్కడ మాట వస్తుందండీ. నాకు ఇప్పుడు ఆ కొట్టూ లేదు, చెయ్యీ అదివరకులా నిలవట్లేదండీ."

మంచినీళ్ళు తాగి బయలుదేరాం. దానం గారు వీధి గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చి సాగనంపారు. పెదబాబు గారు గడియారస్తంభం దగ్గర ఆటో దిగి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చారు.

"భవానీగారూ, అన్నేళ్ళు పక్కనే ఉండి చూసేరు మీరు. మేమిద్దరం నిజంగా స్నేహితులం కామంటారా?"

జవాబు నా నాలిక చివరే ఉంది. ఆ స్టూలు, నిలబడి తాగిన ఆ టీలు, అన్నీ ఆయన మొహాన కొట్టాలని ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నదాన్ని. తీరా చూస్తే ఆ ముసలాయన కళ్ళనిండా నీళ్ళు.

"ఏమోనండీ," అన్నాను.